పేపరు చదివిన రోజు రచయిత లేడు

1858 జూలై 1, గురువారం సాయంత్రం. ఆ వేసవిలో లండన్ ఉడికిపోయింది. థేమ్స్ నది మురుగు కంపు భరించలేక పార్లమెంటు భవనం కిటికీలకు సున్నపు మందులో ముంచిన తెరలు కట్టుకున్నారు. పికడిల్లీలోని బర్లింగ్టన్ హౌస్‌లో మాత్రం లిన్నియన్ సొసైటీ సభ్యులూ అతిథులూ కలిసి ఓ ముప్పై మంది కూర్చుని ఉన్నారు. అసలు ఆ రోజు సభ లేదు. వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రౌన్ జూన్ 10న పోయాడు, 17న జరగాల్సిన సమావేశం వాయిదా పడి ఈ తేదీకి వచ్చింది. దొరికిన ఆ సందులో డార్విన్ మిత్రులు చార్లెస్ లయెల్, జోసెఫ్ హుకర్ కలిసి సహజ వరణం గురించిన ఒక కాగితాల కట్టను కార్యక్రమంలో దూర్చారు. సెక్రటరీ లేచి చదివాడు. ముందు డార్విన్ పాత రాతల్లోంచి ఒక భాగం, తర్వాత అతను అమెరికాలోని ఏసా గ్రేకు రాసిన ఉత్తరంలోంచి కొంత, ఆఖరున ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ అనే ముప్పై అయిదేళ్ల మనిషి టెర్నేట్ దీవి నుంచి పంపిన వ్యాసం.

ఇద్దరు రచయితల్లో ఒక్కరూ అక్కడ లేరు. డార్విన్ పసిబిడ్డ జూన్ 28న స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు, ఆయన ఇల్లు కదల్లేదు. వాలెస్ న్యూగినీ తీరంలో డోరే అనే చోట ఆకుల పాకలో ఉన్నాడు. తన వెంట వచ్చిన వేటగాళ్లలో ఒక పద్దెనిమిదేళ్ల కుర్రాడిని సరిగ్గా అదే వారంలో అక్కడ పాతిపెట్టాడు. తన వ్యాసం లండన్‌లో చదువుతున్నట్టు అతనికి తెలియదు. చదవమని ఎవరినీ అడగలేదు, చదవొచ్చా అని అతన్నీ ఎవరూ అడగలేదు.

సభలో చర్చ జరగలేదు. ఆ వెనకే మామూలు పేపర్లు ఇంకొన్ని చదివి అందరూ ఇళ్లకు పోయారు. మరుసటి ఏడు మే నెలలో సొసైటీ అధ్యక్షుడు థామస్ బెల్ గడిచిన సంవత్సరాన్ని సమీక్షిస్తూ, శాస్త్రాన్ని మలుపు తిప్పేటంత సంగతేదీ ఈసారి రాలేదన్న ధోరణిలో మాట్లాడాడు. పాపం ఆయన్ని వెక్కిరించడం తేలిక. సెక్రటరీ ఏకబిగిన, ఏ రాగమూ లేకుండా చదువుకుంటూ పోతే సహజ వరణమైనా సరే కునుకు తెప్పిస్తుంది. రాసినవాడే ఎదురుగా నిలబడి ఉంటే కనీసం ఒక్క ప్రశ్నయినా లేచేదేమో.

ఏ జీవి ఎక్కడ ఉంది, అక్కడే ఎందుకు ఉంది, పక్క దీవిలో ఎందుకు లేదు? ఈ మూడు ప్రశ్నలే బయోజాగ్రఫీ, తెలుగులో జీవభౌగోళిక శాస్త్రం. దీని చరిత్రలో ఒక చిక్కు మొదటినుంచీ ఉంది. జవాబులు దొరికేది అడవిలో, సముద్రపాయల్లో, కొండవాగుల్లో. అక్కడికి పోయేది కాళ్లలో సత్తువ ఉన్న కుర్రవాళ్లు. ఆ జవాబులు చెల్లుతాయా లేదా తేల్చేది మాత్రం ఎక్కడో దూరాన దీపాల కింద కూర్చున్న పెద్దవాళ్లు. ఇప్పుడు ఈ రంగంలో ఇంకా స్థిరపడని పరిశోధకుల కోసమే విడిగా సదస్సులు జరుగుతున్నాయి. ఆ అవసరం నిన్న మొన్న పుట్టింది కాదు.

వాలెస్ సంగతే చూడండి. పద్నాలుగో ఏట బడి మానేసి అన్న దగ్గర భూమి సర్వే పని నేర్చుకున్నాడు. అమెజాన్‌లో నాలుగేళ్లు తిరిగి సేకరణలతో ఇంటికి బయల్దేరితే 1852 ఆగస్టులో నడిసముద్రంలో ఓడ తగలబడింది. సేకరణలో ఎక్కువ భాగం బూడిదైంది, పది రోజులు చిన్న పడవలో కొట్టుకుపోయాడు. అయినా రెండేళ్లు తిరక్కుండా మలయా దీవులకు పోయాడు. ఉద్యోగం లేదు, డిగ్రీ లేదు. పురుగులూ పక్షి చర్మాలూ లండన్‌లోని ఏజెంటు శామ్యూల్ స్టీవెన్స్ ద్వారా అమ్ముకుంటూ ఎనిమిదేళ్లు గడిపాడు. లక్షా పాతిక వేలకు పైగా నమూనాలు పోగుచేశాడు.

1856 జూన్‌లో బాలిలో రెండు రోజులు ఆగి లాంబాక్ దీవికి దాటాడు. సింగపూర్ నుంచి అనుకున్న చోటికి నేరుగా పోయే ఓడ దొరక్క పట్టిన చుట్టుదారి అది. రెండు దీవుల మధ్య జలసంధి సన్నని చోట పాతిక కిలోమీటర్లయినా ఉండదు. ఇవతల బాలిలో చెట్ల మీద కంసాలి పిట్ట బాపతు పక్షులు కనిపించాయి. మన ఊళ్లలో ఎండాకాలం మధ్యాహ్నం సుత్తి కొట్టినట్టు టంగు టంగుమనే పిట్ట చుట్టాలే. అవతల ఒడ్డున అవి మాయం. వాటి బదులు తెల్ల కాకటూ చిలకలు. ఇంకా విచిత్రం, గుడ్లు పొదగని కోడిలాంటి పక్షి. మట్టి, రాలిన ఆకులు, పుల్లలు కాళ్లతో ఎగదోసి మనిషెత్తు కుప్ప పోస్తుంది. అందులో గుడ్లు పెట్టి పోతుంది, కుప్పలోని వేడికి పిల్లలవుతాయి. ఆస్ట్రేలియా వైపు పక్షి అది. వాతావరణం ఒకటే, నేల ఒకటే, ఒడ్డు మీద నిలబడితే అవతలి దీవి కొండ కనిపిస్తుంది. జంతువులు మాత్రం రెండు ఖండాలవి. మంచుయుగంలో సముద్రం వంద మీటర్లకు పైగా దిగినప్పుడు కూడా ఆ పాయ ఎండలేదు, అంత లోతు. ఆ లోతే గోడ.

ఈ సంగతి వివరిస్తూ అతను పంపిన పేపరు కూడా 1859 నవంబరు 3న అదే లిన్నియన్ సొసైటీలో అతను లేకుండానే చదివారు. రెండు జంతులోకాల నడుమ అతను చూపిన ఆ హద్దు గీతకు వాలెస్ రేఖ అని జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ పేరు పెట్టింది 1868లో. అప్పటికి అతను ఇంగ్లండు చేరి ఆరేళ్లయింది.

ఇక్కడ ఇంకో మనిషిని చెప్పుకోవాలి. సారవాక్‌లో వాలెస్ దగ్గర వంటపనికి చేరిన అలీ అనే మలయా కుర్రాడు. తుపాకి పట్టడం, పక్షి చర్మం చిరగకుండా ఒలవడం నేర్చుకుని, చివరికి యజమానికి కుడిభుజమయ్యాడు. 1858 అక్టోబరులో, లండన్ సభ కబురుతో డార్విన్, హుకర్‌ల ఉత్తరాలు అంది వాలెస్ సంబరంగా తల్లికి జాబు రాసిన కొద్ది రోజులకే, ఇద్దరూ బచాన్ దీవికి పోయారు. అక్కడ అలీ నడుముకు వేలాడేసుకుని తెచ్చిన పక్షుల్లో ఒకదానికి రొమ్ము మీద ఆకుపచ్చ మెరుపు, ఒక్కో రెక్క భుజం నుంచి రెండేసి పొడుగాటి తెల్లని ఈకలు. అంతదాకా శాస్త్రానికి తెలియని స్వర్గపక్షి. బ్రిటిష్ మ్యూజియంలో కూర్చున్న జార్జ్ గ్రే దానికి వాలెస్ పేరు పెట్టాడు. వెళ్లిపోయే ముందు 1862లో సింగపూర్‌లో వాలెస్ అలీకి ఫొటో తీయించాడు, తుపాకులూ డబ్బూ ఇచ్చాడు. ఆ కాలపు యజమానులతో పోలిస్తే అది చాలా ఎక్కువే. పక్షి పేరులో మాత్రం అలీ లేడు.

హాల్లో కూర్చునే అవకాశం ఉన్న కుర్రవాడి కథ వేరేలా నడిచింది. 1857 జూన్‌లో అదే సొసైటీలో ఫిలిప్ స్క్లేటర్ అనే ఇరవై ఏడేళ్ల లాయరు పక్షుల ఆధారంగా భూగోళాన్ని ఆరు మండలాలుగా విడగొట్టి పేపరు చదివాడు. అది కొద్దిపాటి సవరణలతో నేటికీ పాఠ్యపుస్తకాల్లో నడుస్తోంది. 1864లో అతనే, లెమూర్లు మడగాస్కర్‌లో ఉండి వాటి దూరపు బంధువులు ఇండియాలో ఎందుకున్నాయన్న ప్రశ్నకు, హిందూ మహాసముద్రంలో మునిగిపోయిన భూమి ఒకటి ఉండేదని ఊహించి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. ఊహ తప్పు. ప్రశ్న మాత్రం గట్టిది.

ఆ ప్రశ్నకు తాళంచెవి అప్పటికే ఒడిశాలో బయటపడి ఉంది. 1855లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో చేరడానికి ఇద్దరు అన్నదమ్ములు ఇంగ్లండు నుంచి కలకత్తా వచ్చారు. విలియం బ్లాన్‌ఫోర్డ్‌కు ఇరవై మూడేళ్లు, హెన్రీకి ఇరవై ఒకటి. మొదటి పని కటక్ దగ్గరి తాల్చేర్ బొగ్గుగనుల సర్వే. అక్కడ బొగ్గుపొరల అడుగున ఒక వింత పొర చూశారు. పిండిలాంటి మెత్తటి ఒండ్రులో ఎద్దుబండంత బండరాళ్లు కూరుకుని ఉన్నాయి. నీరు ఒండ్రును మోసేంత నెమ్మదిగా పారితే బండలు కదలవు. బండల్ని దొర్లించేంత ఉధృతంగా పారితే ఒండ్రు నిలవదు. రెంటినీ కలిపి మోసేది మంచుగడ్డ ఒక్కటే. 1856 నివేదికలో ఆ మాట రాశారు. జూన్‌లో అరికాళ్లు కాలిపోయే తాల్చేర్‌లో మంచు! చాలామంది నమ్మడానికి ఇష్టపడలేదు. ఇరవై ఏళ్ల లోపే 1875లో ఫ్రాన్సిస్ ఫెడ్డెన్ పెన్‌గంగ ఒడ్డున, చాందా దగ్గరి ఇరై వద్ద, అదే బండల పొర కింద సున్నపురాయి మీద మంచు గీసిన గీతలు చూపించాడు. అవతలి ఒడ్డున ఆదిలాబాదు. దాని మీదుగా ఎంత బరువైన మంచు జరిగి పోయిందో, పాలిషు పట్టినట్టు నున్నగా ఉన్న ఆ రాయిని చూస్తే తెలుస్తుంది.

ఈ రాతి వరుసకు పేరు కావలసి వచ్చినప్పుడు 1872లో హెచ్.బి. మెడ్లికాట్ గోండు రాజ్యాల మీదుగా గోండ్వానా అన్నాడు. 1885లో వియన్నా నుంచి ఎడ్వర్డ్ స్యూస్ అదే పేరును ఒకనాటి దక్షిణ ఖండానికంతటికీ ఎక్కించి గోండ్వానా భూమి అన్నాడు. ఇవాళ బ్రెజిల్‌లోనో కేప్‌టౌన్‌లోనో పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల తన స్లైడు మీద రాసుకునే ఆ మాట ఉట్నూరు, ఆసిఫాబాదుల్లో ఉన్నవాళ్ల జాతి పేరు నుంచి పుట్టింది. ఇల్లెందు దగ్గర విలియం కింగ్ 1871లో కనిపెట్టిన బొగ్గు, అంటే నేటి సింగరేణి, ఆ వరుసలోదే. ఆ బొగ్గుపొరల నడుమ రాయిని పలకల్లా చీలిస్తే ఒక్కోసారి ఆకు ముద్ర బయటపడుతుంది. నాలుకలా పొడుగ్గా, మధ్యన గట్టి ఈనె, దాని నుంచి వలలా అల్లుకున్న సన్న ఈనెలు. గ్లోసోప్టెరిస్. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, దక్షిణ అమెరికాల్లోనూ ఇదే ఆకు.

తమ్ముడు హెన్రీ తర్వాత వాతావరణం వైపు మళ్లి 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు మొదటి అధిపతి అయ్యాడు. అన్న విలియం రాళ్లతో పాటు జంతువుల్నీ పట్టుకుని, ఇండియా జంతుజాలంలో ఆఫ్రికా పాలు వాలెస్ అనుకున్నదానికన్నా ఎక్కువ అని 1876లో పేపరు రాశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, కడపలో మళ్లీ పనికొస్తుంది.

భూభాగాలు మునిగిపోలేదు, కదిలిపోయాయి అని మొదట గట్టిగా చెప్పిన మనిషి జంతుశాస్త్రజ్ఞుడూ కాదు, భూగర్భ శాస్త్రజ్ఞుడూ కాదు. ఆల్ఫ్రెడ్ వెగెనర్ మార్‌బర్గ్‌లో విద్యార్థులిచ్చే ఫీజుల మీద నెట్టుకొస్తున్న వాతావరణ శాస్త్రపు మాస్టారు. 1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో భూగర్భ శాస్త్రజ్ఞుల సభలో మాట్లాడేనాటికి అతనికి ముప్పై ఒకటి. పెద్దలు ఒప్పుకోలేదు. నెల దాటిన రెండు రోజులకు, ఫిబ్రవరి 8న, దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ ఆకలితో అల్లాడుతున్న స్కాట్ బృందం బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగి రాళ్లు ఏరుకుంది. చివరిదాకా ఆ పదహారు కిలోల బరువు పారేయలేదు. నవంబరులో శవాలతో పాటు దొరికిన ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ ఉంది. సింగరేణి ఆకు అంటార్కిటికాలో! వెగెనర్ 1930లో గ్రీన్‌లాండ్ మంచులో పోయాడు. ప్రపంచం అతని మాట ఒప్పుకోవడానికి అక్కణ్ణుంచి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది.

స్వతంత్ర భారతంలో ఈ శాస్త్రానికి జరిగిన పెద్ద పంచాయితీ 1949 నాటిది. దానికి మూలం ఒక చేప. 1919లో జూలాజికల్ సర్వేలో చేరిన సుందర్‌లాల్ హోరా ఈశాన్య కొండవాగుల్లో దిగి, ఉరవడికి కొట్టుకుపోకుండా రాయిని కరుచుకుని ఉండే చేపల్ని చేతులతో పట్టి చూశాడు. కొన్నిటికి రొమ్ము కింద చర్మం ముడతలు పడి చూషకంలా పనిచేస్తుంది. కొన్నిటికి రెక్కలే విసనకర్రల్లా పరుచుకుని రాయికి అతుక్కుంటాయి. చేప ఒళ్లు చూస్తే వాగు వేగం తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లకే ఆ సంగతులు అచ్చువేశాడు. తర్వాత అతన్ని పట్టి పీడించిన ప్రశ్న ఇది. ఇలాంటి చేపలే అస్సాం, మలయాల్లో ఉన్నాయి, మళ్లీ పడమటి కనుమల్లో ఉన్నాయి, నడుమ వెయ్యికి పైగా కిలోమీటర్లలో లేవు. మైదానపు నీటిలో బతకలేని చేప అంత దూరం ఎలా ఈదింది? సాత్పురా, వింధ్య కొండల వరుస ఒకప్పుడు ఎత్తుగా, తడిగా ఉండి, గారో కొండలకూ రాజమహల్ కొండలకూ మధ్య ఇప్పుడున్న ఖాళీ అప్పుడు లేక, వాగు నుంచి వాగుకు అవి పడమరకు నడిచాయని హోరా వాదం.

దాన్ని తేల్చడానికి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సెస్ ఆఫ్ ఇండియా సింపోజియం పెట్టింది. ఒక్కొక్కరు తమ తమ జీవులతో వచ్చారు. సలీం అలీ పక్షులతో వచ్చి, సాత్పురా వరుస వాటికి రహదారి లాంటిదని రాశాడు. జె.బి. ఆడెన్, కవి ఆడెన్‌కు అన్న, రాళ్ల వైపు నుంచి ఆ ఖాళీని పరీక్షించాడు. ఒకే ఊహను చేపల పక్క నుంచి, పక్షుల పక్క నుంచి, భూగర్భం పక్క నుంచి తిప్పి చూడటం సదస్సులకు ఉండే నిజమైన ప్రయోజనం. ఎవరి ప్రయోగశాలలో వాళ్లు కూర్చుంటే అది కుదరదు. ఊహ నిలిచిందా? పూర్తిగా లేదు. 2003లో ప్రవీణ్ కరంత్ అనే పరిశోధకుడు, పోలికలు చూసి దారులు గీయడం చాలదు, డీఎన్‌ఏ వంశవృక్షాలతో ఒక్కో గుంపునూ విడిగా పరీక్షించాలని వాదించాడు. అప్పటినుంచి కొత్త తరం పని ఎక్కువగా ఆ దారినే నడుస్తోంది.

ఆ కొత్త తరానికంటూ వేదిక మాత్రం చాలా ఆలస్యంగా దొరికింది. ఇంటర్నేషనల్ బయోజాగ్రఫీ సొసైటీ పుట్టిందే 2000లో. మొదటి సమావేశం 2003 జనవరిలో అమెరికాలో నెవాడా రాష్ట్రపు మెస్కీట్ అనే ఎడారి పట్నంలో జరిగింది. యువ పరిశోధకుల కోసమే విడిగా సదస్సు 2011 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్‌లో, ఆ తర్వాత 2014 జనవరిలో కాన్‌బెరాలో పెట్టారు. ఇలాంటి చోట్ల అసలు బేరం వేదిక మీద జరగదు. పోస్టర్ల దగ్గర జరుగుతుంది. ఎవరి పోస్టరు ముందు వాళ్లు రెండు గంటలు నిలబడాలి. ఆగినవాళ్లకల్లా మూడు నిమిషాల్లో మొత్తం చెప్పాలి, పటం మీద వేలు పెట్టి అడిగే మొండి ప్రశ్నకు అక్కడికక్కడే జవాబివ్వాలి. వాలెస్‌కు దక్కనిది సరిగ్గా ఆ ప్రశ్నే. తమాషా ఏమిటంటే, ఆ సొసైటీ ఇచ్చే వాలెస్ అవార్డు జీవితకాల కృషి చేసిన పెద్దలకు. చిన్నవాళ్ల అవార్డుకు మెకార్థర్, విల్సన్ పేర్లు పెట్టారు. దీవుల మీద ఎన్ని జాతులు నిలుస్తాయో లెక్కగట్టిన వాళ్ల పుస్తకం 1967లో వచ్చేనాటికి ఇద్దరికీ నలభై నిండలేదు, ఆ లెక్కన అది న్యాయమే. అయినా కుర్రవాడిగా హాలు బయట మిగిలిపోయిన మనిషి పేరు పెద్దల పతకం మీద ఉండటం కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఇప్పుడు హాలు తలుపు తీసే ఉంటుంది, నిజమే. విమానం టిక్కెట్టూ, వీసా కాగితాలూ, రిజిస్ట్రేషన్ ఫీజూ దాటుకుని ఆ తలుపు దాకా చేరగలిగినవాళ్లకు.

ఇక కడప. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన థామస్ జెర్డన్ తూర్పు కనుమల ప్రాంతంలో ఒక పక్షిని సేకరించాడు. 1848లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లైత్ దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. రొమ్ము మీద రెండు పట్టీలు, పెద్ద కళ్లు, రాత్రిపూట పొదల మధ్య ఖాళీ నేల మీద పరుగు. కలివి పొదల చుట్టూ తిరిగేది కాబట్టి ఊళ్లవాళ్లు కలివికోడి అన్నారు. దాని ప్రజాతిలో మిగతా పక్షులన్నీ ఆఫ్రికావి. విలియం బ్లాన్‌ఫోర్డ్ చెప్పిన ఆఫ్రికా పాలు ఇదే. ఖండాలు విడిపోయిన కాలానికి ఈ వంశమే లేదు కాబట్టి గోండ్వానా ఇక్కడ జవాబు కాదు. తుప్పలూ గడ్డీ ఉన్న పొడినేలలు ఒకప్పుడు వరసగా సాగిన దారిని వెతకాలి.

1900 తర్వాత అది కనిపించినట్టు శాస్త్రజ్ఞుల రాతల్లో ఎక్కడా లేదు. వెతికినవాళ్లు చాలామంది పగలు వెతికారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ యువకుడు భరత్ భూషణ్ బొమ్మ పట్టుకుని ఊరూరూ అడుగుతుంటే, లంకమల కొండల దగ్గర రాత్రి దీపంతో వేటకు పోయే ఒక ఊరి మనిషి దాన్ని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్లుగా లేదనుకున్న పక్షి అతని ఎరుకలో ఎప్పుడూ ఉంది. ఇండొనేషియాలో అలీ, ఇక్కడ ఇతను.

ఆ తర్వాత పి. జగన్నాథన్ పీహెచ్‌డీ విద్యార్థిగా అదే తుప్పల్లో ఏళ్ల తరబడి పనిచేశాడు. పక్షిని చూడటం కష్టం కాబట్టి దాని అడుగుల్ని చూడాలనుకున్నాడు. పొదల మధ్య నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి, సాయంత్రం చదును చేసి, పొద్దున్నే పోయి జాడలు చదవడం. మూడు వేళ్ల ముద్ర, వెనక వేలు ఉండదు. పక్కన దానంతటదే ఫొటో తీసే కెమెరా. 2002లో ఆ పద్ధతి మీద పేపరు వచ్చింది, కూతను కూడా మొదటిసారి టేపు మీదికి ఎక్కించారు. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ తుప్పల్లోకి వచ్చినప్పుడు అలైన్‌మెంటు మార్పించడానికి ఈ అడుగుజాడల పటాలు పనికొచ్చాయి.

దానిదని తెలిసిన గుడ్డు ఒకటే ఉంది ప్రపంచంలో. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు సేకరించాడు. చేతులు మారి స్కాట్లండ్‌లో అబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియం సొరుగులో పడి ఉంటే, 2013లో డీఎన్‌ఏ పరీక్ష చేసి కలివికోడిదేనని తేల్చారు. గూడు ఎలా ఉంటుందో మాత్రం ఇంతవరకూ ఎవరూ రాయలేదు.